బోరు నీళ్లలో ఫ్లోరైడ్: నల్గొండ పద్ధతిని ల్యాబ్‌లో ఎలా చేయాలి, వచ్చిన రీడింగ్‌ను ఎప్పుడు నమ్మాలి

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, బీటెక్ సివిల్ వాళ్లూ ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ వాళ్లూ ఒకటే అడుగుతారు: “పటిక వేశాం, ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాముల నుంచి 0.3కి పడిపోయింది. రికార్డులో రాసేయొచ్చా?”

ఇప్పుడే రాయకండి. పటిక వేసిన నీళ్లలో ఫ్లోరైడ్ నిజంగా తగ్గినా రీడింగ్ తగ్గుతుంది, తగ్గకపోయినా తగ్గొచ్చు. నీళ్లలో మిగిలిపోయిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని రంగు పరీక్షకు కనిపించకుండా దాచేస్తుంది. అందుకే ఇక్కడ పద్ధతి ఎంత చెబుతానో, రీడింగ్‌ను అనుమానించడం గురించి కూడా అంతే చెబుతాను.

నేపథ్యం రెండు ముక్కల్లో. మన దగ్గర ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి మొదటి నివేదిక 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందించింది. దానికే నల్గొండ పేరు పెట్టారు. ఇప్పుడు తెలంగాణ పల్లెలకు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, ఇదెందుకు అంటారా? పొలాల దగ్గర, పైపు నీళ్లు రాని రోజుల్లో ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతున్నారు. పైగా జార్ టెస్ట్ (వరస బీకర్లలో వేర్వేరు మోతాదులు వేసి పోల్చడం), ఆల్కలినిటీ (నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి), ఫ్లోరైడ్ పరీక్ష మూడూ ఒకే పనిలో నేర్చుకునే అవకాశం ఇంకో ప్రయోగంలో దొరకదు.

ఒక మాట ముందే. ఇకపై అంకె పక్కన యూనిట్ లేకపోతే అది లీటరుకు మిల్లీగ్రాములు అనుకోండి. ఆల్కలినిటీని కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెబుతున్నాను.

ఏమేం కావాలి

- బోరు నీళ్లు: కనీసం 10 లీటర్లు, ప్లాస్టిక్ క్యాన్‌లో
- ఆరు బీకర్ల జార్ టెస్ట్ యంత్రం. లేకపోతే లీటరు బీకర్లు, మాగ్నెటిక్ స్టిర్రర్. ఒక్కొక్కటిగా చేయాలి, ఓపిక కావాలి
- అల్యూమినియం సల్ఫేట్ (ఫిల్టర్ ఆలం), తాజా సున్నం
- పీహెచ్ మీటర్, 4, 7, 9.2 బఫర్లు
- 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఫినాల్ఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్, బ్యూరెట్
- ఫ్లోరైడ్‌కు: స్పాడ్న్స్ రియేజెంట్ (ఫ్లోరైడ్ తగిలితే రంగు తగ్గే ఎర్ర ద్రావణం), 570 నానోమీటర్ల దగ్గర చదవగల స్పెక్ట్రోఫోటోమీటర్, లేదా ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, దానితో టైసాబ్ (ఎలక్ట్రోడ్ కొలతకు నమూనాలో కలిపే బఫర్) ద్రావణం
- సోడియం ఫ్లోరైడ్ (స్టాండర్డ్‌కు), ప్లాస్టిక్ సీసాలు
- వాట్‌మన్ 42 ఫిల్టర్ పేపర్లు

పటిక దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కిరాణా కొట్లో, మంగలి షాపులో కనిపించే గాజులాంటి పటిక పొటాష్ ఆలం. నీటి శుద్ధి కేంద్రాల్లో పలకలుగా వచ్చేది అల్యూమినియం సల్ఫేట్. మొదటిదాంట్లో అల్యూమినియం 5.7 శాతం, రెండోదాంట్లో 8.1 శాతం. మోతాదుల పట్టికలన్నీ రెండోదానికి రాసినవి. కొట్లో పటిక కొని, పుస్తకంలో మోతాదు వేసి, “మా నీళ్లకు ఈ పద్ధతి పనిచేయదు” అని తేల్చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. పొటాష్ ఆలమే దొరికితే మోతాదును 1.4తో గుణించండి, రికార్డులో ఆ సంగతి రాయండి.

సున్నం కూడా అంతే. మూత తీసి నెలల తరబడి పడేసిన సున్నం గాలి తగిలి సుద్దగా మారిపోయి ఉంటుంది. దాన్ని వేసినా పీహెచ్ పెద్దగా కదలదు.

1. నీళ్లు తెచ్చుకోవడం

మోటారు వేసి ఐదు నిమిషాలు నీళ్లు వదిలేశాక పట్టండి. ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లు వద్దు. పీహెచ్ వీలైతే అక్కడే చూడండి. బోరు నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ దారిలో తప్పించుకుంటుంది కాబట్టి ల్యాబ్‌కు వచ్చేసరికి పీహెచ్ పెరుగుతుంది. ఫ్లోరైడ్‌కు ఆ తొందర లేదు, ప్లాస్టిక్ సీసాలో నాలుగు వారాల దాకా నిలుస్తుంది. ఆల్కలినిటీ మాత్రం అదే రోజు చూసేయడం మంచిది.

2. పచ్చి (శుద్ధి చేయని) నీళ్ల పరీక్ష

పీహెచ్, ఆల్కలినిటీ, ఫ్లోరైడ్, టీడీఎస్ (కరిగి ఉన్న మొత్తం ఉప్పులు). ఈ నాలుగూ లేకుండా పటిక ముట్టుకోవద్దు.

ఆల్కలినిటీకి 100 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుంటే లెక్క తేలిక: 0.02 నార్మల్ ఆమ్లం ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో దాన్ని 10తో గుణిస్తే చాలు. 40 దిగితే ఆల్కలినిటీ 400. పీహెచ్ 8.3 కంటే తక్కువున్న నీళ్లలో ఫినాల్ఫ్తలీన్ వేస్తే గులాబీ రంగే రాదు. రియేజెంట్ పాడైందని టెన్షన్ పడకండి, ఆ విలువ సున్నా అని రాసి మిథైల్ ఆరెంజ్‌కు వెళ్లండి. పసుపు నుంచి నారింజకు తిరగగానే ఆపాలి. ఎర్రబడేదాకా వదిలితే ఆమ్లం ఎక్కువైపోయినట్టే. పక్కన రంగు వేసిన పచ్చి నీళ్ల ఫ్లాస్క్ ఒకటి, కింద తెల్ల టైల్ ఒకటి పెట్టుకుంటే తేడా కంటికి ఆనుతుంది.

టీడీఎస్ 1500 దాటిన నీళ్లకు ఈ పద్ధతి మంచిది కాదు. పటిక ఉప్పుల్ని తీయకపోగా కొంత కలుపుతుంది. అలాంటి నీళ్లకు ఆర్‌ఓ చూసుకోవాలి.

3. మోతాదుల మెట్లు వేసుకోవడం

ఉదాహరణకు ఫ్లోరైడ్ 4, ఆల్కలినిటీ 400, పీహెచ్ 7.8 ఉన్న నీళ్లు తీసుకుందాం. నల్గొండ, ప్రకాశం జిల్లాల బోర్లలో ఇలాంటి అంకెలు కొత్తేం కాదు. నీరి పట్టిక ప్రకారం ఈ నీళ్లకు పటిక 500కు దగ్గరగా పడుతుంది. మీరు ఆరు జార్లకు 0, 200, 300, 400, 500, 600 పెట్టుకోండి.

ఇక్కడే చాలామంది తడబడతారు. బురద నీళ్ల జార్ టెస్ట్‌లో పటిక 10 నుంచి 60 లోపు వాడటం అలవాటై, అదే మోతాదు ఫ్లోరైడ్‌కూ వేస్తారు. ఫ్లోరైడ్‌కు పటిక వందల్లో కావాలి. మడ్డి దిగడం కాదు ఇక్కడ పని, పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మీద ఫ్లోరైడ్ అంటుకోవాలి. దానికి ఆ పదార్థం బాగా ఉండాలి.

సున్నా జార్‌ను వదిలేయకండి. దాన్ని కూడా కలపాలి, తేరనివ్వాలి, వడపోయాలి. దాని రీడింగ్‌తోనే మిగతావాటిని పోల్చాలి, పచ్చి నీళ్ల రీడింగ్‌తో కాదు.

4. స్టాక్ ద్రావణాలు

పటిక 100 గ్రాములు లీటరులో కలపండి. ఒక మిల్లీలీటరు వేస్తే లీటరు జార్‌కు 100 పడుతుంది. మాన్యువల్స్‌లో ఎక్కువగా కనిపించే ఒక శాతం ద్రావణం (లీటరుకు 10 గ్రాములు) ఇక్కడ పనికిరాదు. 500 మోతాదుకు దాన్ని 50 మిల్లీలీటర్లు పోయాలి. అంత నీళ్లు కలిస్తే 4 ఉన్న ఫ్లోరైడ్ ఏ పటికా పనిచేయకుండానే 3.8 అవుతుంది. ఆ 0.2 పటిక గొప్ప కాదు, మీరు పోసిన నీళ్ల మహిమ.

సున్నం పటికలో ఇరవయ్యో వంతు. లీటరుకు 10 గ్రాముల సున్నపు నీళ్లు చేసుకుంటే జార్లకు వరసగా 1, 1.5, 2, 2.5, 3 మిల్లీలీటర్లు వస్తుంది. ఇది కరిగిన ద్రావణం కాదు, పాలలా తేలుతుంది. పిపెట్ ముంచిన ప్రతిసారీ సీసా కుదపాలి. కుదపకపోతే మొదటి జార్‌కు తేట నీళ్లు, చివరి జార్‌కు ముద్ద సున్నం పడతాయి.

ఆల్కలినిటీ 150 లాంటి నీళ్లయితే ఇరవయ్యో వంతు చాలదు. ఒక వంతు పటిక దాదాపు అర వంతు ఆల్కలినిటీని తినేస్తుంది. 500 వేస్తే 225 నుంచి 250 ఖర్చు. ఉన్నది 150 అయితే పీహెచ్ కుప్పకూలుతుంది. ఒక వంతు సున్నం 1.35 వంతుల ఆల్కలినిటీ ఇస్తుంది, ఆ లెక్కన లోటు పూడ్చుకోండి.

5. కలపడం

ముందు సున్నం, తర్వాత పటిక. పటిక అన్ని జార్లలో ఒకేసారి పడేలా చిన్న బీకర్లలో కొలిచి పెట్టుకుని, పక్కవాళ్ల సాయంతో ఒక్కసారిగా ఒంపండి. నిమిషానికి 100 తిరుగుళ్లతో ఒక నిమిషం, తర్వాత 30 తిరుగుళ్లతో 15 నుంచి 20 నిమిషాలు. ఆపాక గంట కదపకుండా వదిలేయండి.

ఊళ్లో బకెట్‌తో చేసేటప్పుడు ఇదే వరసలో బ్లీచింగ్ పౌడర్ కూడా పడుతుంది, క్రిముల కోసం. ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలవబోయే జార్లలో మాత్రం వేయకండి. క్లోరిన్ స్పాడ్న్స్ రంగును పోగొడుతుంది, మిథైల్ ఆరెంజ్‌నూ వదలదు. దాన్ని తీయడానికి వాడే సోడియం ఆర్సెనైట్ విషం. ఆ తలనొప్పి అంతా బ్లీచింగ్ వేయకపోతే పోతుంది. వాడకానికి పంపే నీళ్లకు మాత్రం తప్పక వేసి, చివర్లో క్లోరిన్ కనీసం 0.2 మిగిలిందో లేదో చూడాలి.

6. తేట తీయడం

పై నుంచి కొన్ని సెంటీమీటర్ల కింద పిపెట్‌తో తీసి, వాట్‌మన్ 42తో వడపోయండి. వడపోత మానేసి నేరుగా క్యువెట్‌లో (స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టే చిన్న గొట్టం) పోస్తే, తేలుతున్న తెల్లటి తునకలు కాంతిని అడ్డుకుని రీడింగ్ చెడిపోతుంది. పైగా రియేజెంట్‌లోని ఆమ్లం తగలగానే ఆ తునకలు కరిగి, అంటుకున్న ఫ్లోరైడ్‌నూ అల్యూమినియంనూ మళ్లీ నీళ్లలోకి వదులుతాయి. వడపోసిన మొదటి పాతిక మిల్లీలీటర్లు పారబోయండి. వెంటనే పీహెచ్, ఆల్కలినిటీ చూసేయండి.

7. ఫ్లోరైడ్ కొలవడం

స్టాండర్డ్‌కు ఆరిన సోడియం ఫ్లోరైడ్ 0.2210 గ్రాములు లీటరులో కరిగిస్తే ఫ్లోరైడ్ 100 వస్తుంది. ప్లాస్టిక్ సీసాలో ఉంచండి. ఇదీ విషమే, నోటితో పిపెట్ పీల్చే అలవాటుంటే ఈ రోజుతో మానేయండి.

స్పాడ్న్స్ పద్ధతి 0 నుంచి 1.4 వరకే సరిగా నడుస్తుంది. అందుకని పచ్చి నీళ్లను ఐదు రెట్లు పలచన చేయాలి: 10 మిల్లీలీటర్లు తీసుకుని 50 చేయండి. 50 మిల్లీలీటర్ల నమూనాకు రియేజెంట్ 10 మిల్లీలీటర్లు. ఈ పరీక్షలో రంగు ఉల్టా నడుస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు తగ్గుతుంది, బ్లాంక్‌ది (ఫ్లోరైడ్ లేని నీళ్లు) అన్నిటికంటే ముదురు రంగు. గ్రాఫ్ కిందికి వాలితే భయపడొద్దు, అలాగే రావాలి. అయితే దీనికో చిక్కుంది. మీరు చూసేది రియేజెంట్ రంగులో తరుగు కాబట్టి రియేజెంట్ కొలతలో చిన్న పొరపాటు కూడా ఫ్లోరైడ్‌లా కనిపిస్తుంది. మెజరింగ్ సిలిండర్ పక్కన పెట్టి మంచి పిపెట్ వాడండి. నమూనాలు, స్టాండర్డ్‌లు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లను వెంటనే చదవొద్దు. రియేజెంట్‌లో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, గ్లవ్స్ తప్పనిసరి.

ఇప్పుడు మొదట చెప్పిన దొంగ, అల్యూమినియం సంగతి. నమూనా కలపగానే చదివితే, నీళ్లలో అల్యూమినియం 0.1 ఉన్నా ఫ్లోరైడ్ 1 ఉన్న చోట రీడింగ్ 0.1 తక్కువ చూపిస్తుంది. పటిక వేసిన నీళ్లలో అల్యూమినియం అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. మంచి వార్త ఏమిటంటే, రియేజెంట్ కలిపాక రెండు గంటలు ఉంచి చదివితే అల్యూమినియం 3 వరకు ఉన్నా తట్టుకుంటుంది, నాలుగు గంటలుంచితే 30 వరకు. అందుకే పటిక జార్ల నమూనాలను కనీసం రెండు గంటలు వదలండి, స్టాండర్డ్‌లను కూడా అంతే సేపు. ల్యాబ్ టైమ్ అయిపోతోందని ఎవరైనా తొందరపెడితే ల్యాబ్ కొంచెం ముందే మొదలుపెట్టమని చెప్పండి, ఈ రెండు గంటల్ని మాత్రం కొయ్యకండి. ల్యాబ్‌లో డిస్టిలేషన్ సెట్టు ఉంటే నమూనాను ముందు డిస్టిల్ చేయడం అన్నిటికంటే పక్కా. సెగ 180 డిగ్రీలు దాటనివ్వొద్దు, దాటితే సల్ఫేట్ కూడా వెంట వచ్చేస్తుంది.

ఎలక్ట్రోడ్ ఉన్నవాళ్ల పని సులువు. నమూనా ఎంతో టైసాబ్ అంత కలపాలి. అందులోని సీడీటీఏ అనే రసాయనం అల్యూమినియంను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. స్టాండర్డ్‌లను పలచనివాటి నుంచి చిక్కనివాటికి చదవండి. పది రెట్ల తేడాకు మిల్లీవోల్టులు 54 నుంచి 60 మధ్య మారితే ఎలక్ట్రోడ్ బాగున్నట్టు. 45, 48 వస్తుంటే ముందు ఎలక్ట్రోడ్‌ను బాగుచేసుకోండి, నమూనాల జోలికి వెళ్లొద్దు.

8. రీడింగ్‌ను పరీక్షించడం

ఇది చేయని రికార్డుకు నేనైతే సంతకం పెట్టను. నాలుగు పరీక్షలున్నాయి, ఏదీ పెద్ద ఖర్చు కాదు.

మొదటిది ఆల్కలినిటీ లెక్క. 500 వేసిన జార్‌లో ఆల్కలినిటీ 225 నుంచి 250 తగ్గాలి, వేసిన సున్నం 25 దానికి 34 తిరిగి ఇస్తుంది. అంటే 400 ఉన్న నీళ్లు 185, 210 మధ్య తేలాలి. 320 వచ్చిందంటే పటిక సరిగా పడలేదు, లేదా మీ పటిక వేరే రకం, లేదా తూకంలో తప్పు. ఫ్లోరైడ్ యంత్రంతో సంబంధం లేకుండా ప్రయోగం మొత్తాన్ని పట్టిచ్చే లెక్క ఇది. ఒక్క బ్యూరెట్ చాలు.

రెండోది పలచన పరీక్ష. శుద్ధి చేసిన నీళ్లను ఒకసారి నేరుగా, ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి పలచన చేసి చదవండి. రెండోదాన్ని రెట్టింపు చేస్తే మొదటిదానికి దగ్గరగా రావాలి. నేరుగా 0.4, పలచన చేసి రెట్టిస్తే 0.8 వస్తే ఏదో అడ్డుపడుతోంది. పటికతో వచ్చే సల్ఫేట్‌ను కూడా అనుమానించండి: 500 పటిక సుమారు 215 సల్ఫేట్ కలుపుతుంది, 200 దగ్గరే అది స్పాడ్న్స్‌ను కదిలించగలదు.

మూడోది తెలిసినంత ఫ్లోరైడ్ కలిపి చూడటం. 100 మిల్లీలీటర్ల శుద్ధి నీళ్లకు 100 స్టాండర్డ్ అర మిల్లీలీటరు కలిపితే 0.5 పెరగాలి. 0.8 ఉన్నది 1.3 అవ్వాలి. 1.1 దగ్గర ఆగిందంటే మీరు వేసిన దాంట్లో 60 శాతమే కనబడింది. 90, 110 శాతం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

నాలుగోది పీహెచ్. శుద్ధి నీళ్లు 6.5, 7.5 మధ్య ఉంటే ఫ్లోరైడ్ బాగా దిగుతుంది, అల్యూమినియం కూడా కరగకుండా మడ్డిలోనే ఉంటుంది. 5.5 కంటే కిందికి జారినా, 8 దాటి పోయినా అల్యూమినియం కరిగి తేటలోకి వస్తుంది. పీహెచ్ 5.2, ఫ్లోరైడ్ 0.2 అని రాసుకొచ్చిన జార్‌ను చూసి మురిసిపోకండి. ఆ 0.2 దాదాపుగా అబద్ధమే. వీలుంటే అల్యూమినియం కూడా కొలవండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో దానికి 0.03 మంచిది, వేరే దారి లేకపోతే 0.2 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్‌కు అవే అంకెలు 1.0, 1.5.

9. మోతాదు ఎంచుకోవడం

అడ్డంగా పటిక, నిలువుగా ఫ్లోరైడ్ పెట్టి గ్రాఫ్ గీయండి, అదే కాగితం మీద పీహెచ్ గీత కూడా. 4 నుంచి 2కి దిగడానికి పట్టే పటిక కంటే 2 నుంచి 1కి దిగడానికి చాలా ఎక్కువ పడుతుంది, గీత చివర్లో బల్లపరుపు అవుతుంది. ఫ్లోరైడ్ 1 దాకా వచ్చి, పీహెచ్ 6.5 కంటే పైన ఉండి, పటిక అన్నిటికంటే తక్కువ ఖర్చయిన జార్ మీది. ఏ జార్ కూడా 1 దాకా రాకపోతే పటిక పెంచుకుంటూ పోవడం దండగ. సల్ఫేట్, టీడీఎస్ పెరుగుతాయి తప్ప లాభం ఉండదు. యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలు) గాని ఆర్‌ఓ గాని సూచించండి. వైవాలో ఆ మాట చెబితే మార్కులు పోవు. “మరగబెడితే సరిపోదా” అని ఊళ్లో అడుగుతారు. సరిపోదు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

10. మిగిలిన మడ్డి

జార్ల అడుగున ఉన్న తెల్ల మడ్డిలో మీరు తీసిన ఫ్లోరైడ్ అంతా ఉంది. సింకులో ఒంపొద్దు. ఆరబెట్టి, ల్యాబ్ రసాయన వ్యర్థాల డబ్బాలో పేరు రాసి వేయండి. ఊళ్లో చేసినప్పుడు బోరు దగ్గర, పశువులు తాగే కుంట దగ్గర అసలు పారబోయనివ్వకండి. స్పాడ్న్స్ వ్యర్థం ఆమ్లం కాబట్టి దాని సీసా వేరు. ఆర్సెనైట్ వాడి ఉంటే దానికి ఇంకో సీసా, మీద ‘విషం’ అని పెద్దక్షరాల్లో.